"ఇయ్యాల వాక్యం నీకే" అన్నాడు మా ఆయన

ఓపికలేనిదాన్ని · హన్మకొండ · సోమవారం రాత్రి 11:38

అందరికీ వందనాలు. ఈ పేరు నేనే పెట్టుకున్నాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. టైపింగ్ తప్పులుంటే ఏమీ అనుకోకండి, అత్తమ్మ మంచం పక్కన చీకట్లో కూర్చుని కొడుతున్నాను.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట పడిపోయింది. "ఆఁ" అంటుంది, "వద్దు" అంటుంది, ఆ వద్దు కూడా కావాల్సిన చోట అంటుంది. ముగ్గురు కొడుకులు. పెద్దాయన ఉప్పల్‌లో, చిన్నాయన ములుగులో. మా ఆయన నడిపివాడు. నేను ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతికి చెప్తాను. తెల్లవారి నాలుగున్నరకు లేచి ఆమె ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, జావ తాగించి, పిల్లలిద్దరికీ టిఫిన్ డబ్బాలు కట్టి ఎనిమిదింటికి బయటపడతాను. నేనొచ్చే దాకా పక్కింటి పెద్దమ్మ చూస్తుంది, నెలకు మూడు వేలు ఇస్తున్నాం. సాయంత్రం నుంచి మళ్లీ నేనే. మా ఆయన మంచోడే, తాగడు, తిట్టడు. ఎరువుల షాపులో పని. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. బుధవారం ఉపవాస ప్రార్థన, శుక్రవారం యూత్ కూడిక, శనివారం పాటల ప్రాక్టీసు, ఆదివారం రెండు ఆరాధనలు.

మొన్న ఆదివారం చర్చిలో, బైబిల్లో ప్రేమ గురించి చెప్పే మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం మీద వాక్యం, అంటే ప్రసంగం, చెప్పారు. "ప్రేమ అన్న చోటల్లా ఎవరి పేరు వాళ్లు పెట్టుకుని చదవండి" అన్నారు. నేనూ లోపల చదువుకున్నాను. దీర్ఘకాలము సహించును దాకా ఎట్లాగో వచ్చాను, "త్వరగా కోపపడదు" దగ్గర ఆగిపోయాను. ఆ పొద్దున్నే అత్తమ్మ రెండు స్పూన్ల జావ అప్పుడే మార్చిన నైటీ మీద ఉమ్మేస్తే గిన్నె తీసుకెళ్లి సింకులో విసిరికొట్టాను. స్టీలు గిన్నె, సొట్ట పడింది. ఆమె నా వంకే చూస్తూ ఉంది.

ఇంటికొచ్చేటప్పుడు బండి మీద మా ఆయన అన్నాడు, "విన్నవా, ఇయ్యాల వాక్యం నీకే". నవ్వుతూనే అన్నాడు. సుబేదారి నుంచి ఇంటిదాకా నేను నోరు విప్పలేదు.

అడగాల్సింది ఒక్కటే. చిరాకు పడుకుంటూ చేసిన సేవ ప్రేమ కిందికి వస్తుందా, రాదా? రాకపోతే ఈ పద్నాలుగు నెలలు నేను చేసిందేంటి?

బెరయ_బ్రదర్ · కరీంనగర్ · మంగళవారం ఉదయం 6:10

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మీ భారం అర్థమైంది. కానీ వాక్యం వాక్యమే కదా. "సణుగులును సంశయములును మాని సమస్త కార్యములను చేయుడి" అని ఫిలిప్పీ 2:14లో స్పష్టంగా ఉంది. చేస్తూ సణిగితే ప్రతిఫలం పోతుంది. మీ భర్త దేవుని పనిలో ఉన్నాడు, అది మీకు ఆశీర్వాదం అనుకోండి. ఉదయం ఇంకో అరగంట ముందు లేచి ప్రార్థనలో గడిపితే ఈ కోపం దానంతట అదే పోతుంది. నేను స్వయంగా అనుభవించి చెప్తున్నాను.

మేరీ_టీచర్ · ఫాతిమానగర్ · మంగళవారం ఉదయం 7:02

బ్రదర్, ఆమె నాలుగున్నరకు లేస్తున్నానని రాసింది. అరగంట ముందు అంటే నాలుగు. పడుకునేది పదకొండున్నర తర్వాత. ముందు ఆ లెక్క చూసి సలహా ఇవ్వండి.

మీరు చెప్పిన ఫిలిప్పీ రెండో అధ్యాయంలోనే పది వచనాలు పైకి వెళ్లండి. "మీలో ప్రతివాడును తన సొంతకార్యములను మాత్రమేగాక యితరుల కార్యములను కూడ చూడవలెను." ఆ "మాత్రమేగాక" అన్న మాట చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో మా సిస్టర్ గారు బోర్డు మీద రాసి గీత గీయించేది. సొంత పనులు చూసుకోవడం అందులో ముందే ఉంది, దాంతో ఆగిపోవద్దంటున్నాడు ఆ పత్రిక రాసిన పౌలు. ఇంకోటి, "ప్రతివాడును" అని ఉంది. కోడళ్లు అని లేదు, నడిపి కోడలు అని అసలే లేదు.

చెల్లీ, నాకు కోపం వచ్చింది నీ మీద కాదు, బండి మీద అన్న ఆ మాట మీద. వాక్యం వింటూ పక్కవాళ్ల మీదికి వేలు చూపించడం మా విచారణలోనూ, అంటే మా క్యాథలిక్ చర్చిలోనూ ఉంది, మీ సంఘంలోనూ ఉంది, ఇందులో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ తేడా ఏమీ లేదు. ఆయన తన పేరు పెట్టుకుని చదివాడా అని అడిగావా? "స్వప్రయోజనమును విచారించుకొనదు" అన్న చోట నాలుగు రోజుల కీబోర్డు గుర్తొచ్చిందా ఆయనకు?

రిటైర్డ్_గార్డు · కాజీపేట · మంగళవారం మధ్యాహ్నం 2:45

బిడ్డా, నేను గూడ్సు గార్డుగా చేసి రిటైరైన. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నరట, మా కాలంలో గార్డే. చర్చిలో పద్దెనిమిదేండ్లు సంఘపెద్దగా ఉన్న. డ్యూటీ, చర్చి, మళ్ల డ్యూటీ. ఇంట్లో ఏముందో నాకు సగమే తెలుసు. గార్డు బండి చివర్ల ఉంటడు గదా, ముందట ఏం జరిగిందో ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తది. నా సంసారం కూడా అట్లనే నడిచింది.

మా ఇంటామెకు కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయినయి. గ్లాసు పట్టుకోలేదు, జాకెట్ గుండీ పెట్టుకోలేదు. మా బిడ్డ వచ్చి చేసిపోయేది, నేను మీటింగులకు పోయేవాన్ని. ఒక పండుగ పొద్దున బిడ్డ రాలేకపోయింది, అల్లునికి జ్వరం. నేను తెల్లబట్టలు తొడుక్కొని తయారైతున్న, ఈమె అద్దం ముందట కూసుంది, దువ్వెన కింద పడి ఉంది. తీసి ఇయ్యమని అడగలే. నేను అటు పోయేటప్పుడు ఒకసారి, ఇటు వచ్చేటప్పుడు ఒకసారి దాన్ని దాటిన. రెండుసార్లు దాటిన తర్వాత నాకే ఏదో అయింది.

ఆ రోజు మొదటిసారి జడ వేసిన. వేసిన అనొద్దు, చిక్కు చేసిన. మూడు పాయలు తీస్తే మూడోది ఎక్కడికి పోతదో తెలుస్తలేదు, ఏ పాయ మీదికి ఏది రావాలో అర్థం గాలే. కొబ్బరినూనె ఎక్కువై నా తెల్లచొక్కాకు అంటింది. ఆమె అద్దంలో చూస్తూ, "రైలు డబ్బాలు ఇట్లనే తగిలిస్తరా?" అన్నది. ఆరాధనకు గంట లేటుగా పోయినం, పెద్దల బల్లలో నా కుర్చీ ఖాళీగుంది, దాన్ని చూసి నాకు సిగ్గయితదేమో అనుకున్న గానీ కాలేదు. తర్వాత మూడేండ్లు, ఆమె పోయేదాకా, జడ నేనే వేసిన. మధ్యమధ్యల చిరాకు పడ్డ, తొందర పడ్డ, ఒకసారి గట్టిగా గుంజిన, ఆమె అబ్బా అన్నది. చిరాకు రాకుండా చేసిన రోజులు ఎన్నో నేను లెక్క పెట్టలే. నువ్వడిగిన దానికి నా దగ్గర ఉన్నది గింతే.

నర్సక్క · వరంగల్ · మంగళవారం రాత్రి 9:20

నేను ఇరవై రెండేళ్లుగా నర్సును. ఆత్మీయ సంగతులు పెద్దవాళ్లు చెప్తున్నారు, నేను జావ సంగతి చెప్తాను.

చెల్లీ, మీ అత్తమ్మ ఉమ్మేది మొండితనంతో అయి ఉండకపోవచ్చు. పక్షవాతంలో మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి. నీళ్లలా పల్చటి జావ అన్నిటికంటే కష్టం, గొంతులో అదుపు లేకుండా జారుతుంది, పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. జారుడుగా కాకుండా కాస్త చిక్కగా చెయ్యి. పడుకోబెట్టి తాగించొద్దు, నిటారుగా కూర్చోబెట్టు, గడ్డం కొంచెం కిందికి దించమను. స్పూను ఎడమ వైపు, అంటే బాగున్న వైపు పెట్టు. మింగాక కుడి బుగ్గలో ఏమైనా మిగిలిందా వేలితో చూడు, ఆమెకు అక్కడ ఉన్నట్టే తెలియదు. తాగించాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు. అయినా పొలమారుతుంటే డాక్టరుకు చూపించి మింగే పరీక్ష చేయించండి.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. నడుము కింది ఎముక, మడమలు, తుంటి, ఈ మూడు చోట్లా రోజూ చూడు, ఎర్రబడి వేలితో నొక్కినా తెల్లగా అవకపోతే పుండు మొదలైనట్టు. తిప్పేటప్పుడు కుడి చెయ్యి పట్టి గుంజొద్దు, భుజం కీలు జారుతుంది. ఇదంతా ఒక్క మనిషి పగలూ రాత్రీ చేయలేదు. మా వార్డులోనే మూడు షిఫ్టులు ఉంటాయి. ఒక్క నర్సుతో మూడు షిఫ్టులూ చేయిస్తే ప్రేమ లేక కాదు, నిద్ర లేక తప్పులు చేస్తుంది. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దేవదూత ఏం చేశాడు? ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. మొదటి రాజులు పంతొమ్మిదో అధ్యాయం.

ఇంకో రెండు మాటలు. దివ్యాంగుల సర్టిఫికెట్ చేయించారా? ఇదివరకు సదరం అనేవాళ్లు, ఇప్పుడు యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. అది వస్తే దివ్యాంగుల పింఛను వస్తుంది, వృద్ధాప్య పింఛను కంటే అది ఎక్కువ. రెండూ ఇవ్వరు, ఒకటే. రెండోది, కుడి పక్క పడిపోయి మాట పోయినవాళ్లలో కొందరికి మాట రాకపోయినా పాట వస్తుంది. మాట మెదడులో ఎడమ వైపు, పాటకు కుడి వైపు సాయం చేస్తుంది. అందరికీ రాదు. ఆమెకు చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన కీర్తన ఏదైనా ఉంటే పక్కన కూర్చుని మొదలుపెట్టి చూడండి.

గోదావరిఖని_తమ్ముడు · మంగళవారం రాత్రి 10:55

అక్కా, నాది తీసుకున్నవాడి బాధ. మా బాపు సింగరేణిలో మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం ఒక్క కొడుకుకే వస్తుంది కదా, మా అన్న "తమ్ముడికే ఇయ్యిండ్రి" అన్నాడు. అప్పుడు సంఘమంతా మెచ్చుకుంది, సాక్ష్యం కూడా చెప్పించారు. నేను ఇప్పటికీ అన్న కాళ్లకు మొక్కుతాను మనసులో. కానీ తొమ్మిదేళ్లుగా ప్రతి క్రిస్మస్‌కు భోజనాల దగ్గర ఆ మాట ఒకసారి వస్తుంది. బండి కొంటే వస్తుంది, మా బాబుకు స్కూలు మారిస్తే వస్తుంది. "నేను వదిలిపెట్టిన ఉద్యోగం." నా జీతంలోంచి ఇవ్వగలిగినంత ఇస్తూనే ఉన్నాను, ఆ లెక్క మాత్రం తెగదు.

"అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని ఉంది కదా, మన ఇళ్లలో అపకారాలకంటే ఉపకారాలే ఎక్కువ మనసులో ఉంచుకుంటాం అనిపిస్తుంది నాకు. అందుకే అక్కా, ఇప్పుడే గట్టిగా అడుగు, పంచుకో. లోపల పెట్టుకుని అంతా నువ్వే చేస్తే పదేళ్ల తర్వాత మీ పిల్లల పెళ్లిలో అది బయటికొస్తుంది. మా అన్న చెడ్డవాడు కాదు, ఆ రోజే "నాకూ కావాలి, కానీ నీకిస్తున్నా" అని ఉంటే ఇద్దరం కూర్చుని ఏదో ఒక దారి చూసేవాళ్లం.

పాత_కాగితాలు · డోర్నకల్ · బుధవారం ఉదయం 5:50

పదమూడో అధ్యాయం అనగానే అందరూ నాలుగో వచనం నుంచి మొదలుపెడతారు, పెళ్లికార్డుల మీద కూడా అదే. మూడోది ఎవరూ వేయించరు. "బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను, కాల్చబడుటకు నా శరీరమును అప్పగించినను, ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు." అంటే త్యాగం ప్రేమ లేకుండా కూడా జరగొచ్చు అని పౌలే ఒప్పుకుంటున్నాడు.

దీన్ని మన డోర్నకల్ బిషప్పు అజరయ్య గారు ఎట్లా వాడారో చెప్పాలని రాస్తున్నాను. తిరునెల్వేలి వైపు నుంచి మన ప్రాంతానికి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. తెల్లవాళ్లే నిండిన సభలో లేచి, మీరు బీదల కోసం ఆస్తులు ఇచ్చారు, శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఈ మూడో వచనాన్నే వాళ్ల ముందు పెట్టారన్నమాట. మిషనరీలు ప్రాణాలు పెట్టి పనిచేస్తున్న మాట నిజమే, కానీ పక్కన సమానంగా కూర్చోబెట్టుకోవడం లేదు. అది వినడం చాలామందికి నచ్చలేదు. నాకు అర్థమైంది ఏంటంటే, ఎంత చేశారో ఆయన కాదనలేదు, పైనుంచి కిందికి చేస్తే సరిపోదన్నారు.

మీ ఇంట్లో సంగతి ఇంకో రకం. మీరు చేస్తున్నారు, మీ వారు పైనుంచి మార్కులు వేస్తున్నారు. నాకైతే ఆయనే ఎడిన్‌బరో సభలో కూర్చున్నట్టు కనిపిస్తున్నాడు. (మా ఊరి గొప్ప చెప్పుకోవడానికి ఏ సందు దొరికినా వదలను, ఈ వేదికలో పాతవాళ్లకు తెలుసు.)

బెరయ_బ్రదర్ · కరీంనగర్ · బుధవారం ఉదయం 8:15

అందరూ కలిసి ఆమె భర్తను దోషిని చేస్తున్నారు, ఆయన మాట మనం వినలేదు. "తన్ను తాను ఉపేక్షించుకొని తన సిలువనెత్తికొని" అన్నది మత్తయి 16:24. పంచుకో, గట్టిగా అడుగు, ఇవన్నీ ఈనాటి లోకజ్ఞానం. సిలువను ఎవరైనా షిఫ్టులు వేసుకుని మోస్తారా?

మేరీ_టీచర్ · ఫాతిమానగర్ · బుధవారం ఉదయం 8:31

యేసు సిలువను కొంత దూరం మోసిన కురేనీయుడైన సీమోను ఎవరు బ్రదర్?

చూస్తూ_ఉండేదాన్ని · జగిత్యాల · బుధవారం మధ్యాహ్నం 1:40

నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను. సిలువ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

నాకు ఆరేండ్లు అదే చెప్పారు. నా భర్త కొట్టేవాడు. గాజులు మణికట్టులో గుచ్చుకుని కుట్లు పడితే కూడా మా పెద్దలు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "ఇది నీ సిలువ అమ్మా, ఓర్చుకో, నీ ప్రేమ చూసి మారుతాడు" అన్నారు. "స్త్రీలారా లోబడియుండుడి" చదివారు. దానికి పైన "ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉన్నది చదవలేదు, కింద పురుషులు తమ భార్యలను క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించాలని, ఆయన దాని కోసం తన్ను తాను అప్పగించుకున్నాడని ఉన్నది కూడా చదవలేదు. ఎఫెసీ అయిదో అధ్యాయంలో నాకు ఒక్క వచనమే ఉన్నట్టు ఆరేండ్లు బతికాను.

తర్వాత యోహాను పదో అధ్యాయం నేనే చదువుకున్నాను. "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను." నా దగ్గర పెట్టడానికి ఏమీ మిగల్చలేదు కదా, అంతా తీసుకున్నారు. అది చదివిన వారంలో మా అమ్మగారింటికి వచ్చేశాను. బీడీలు చేస్తాను, పాప ఐదో తరగతి. ఆయన మారాలని ప్రార్థన ఇప్పటికీ చేస్తాను, ఇక్కడి నుంచే చేస్తాను.

హన్మకొండ అక్కది నా సంగతి లాంటిది కాదని తెలుసు. కానీ సిలువ ఎత్తుకో అని ఇంకొకరికి చెప్పేటప్పుడు కొంచెం ఆగి చెప్పండి బ్రదర్.

మోడరేటర్ · బుధవారం మధ్యాహ్నం 2:05

ఇట్లాంటి పరిస్థితిలో చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మహిళల హెల్ప్‌లైన్ 181, పగలు రాత్రి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. చర్చ కొనసాగించండి, గొంతులు కాస్త తగ్గించి.

బెరయ_బ్రదర్ · కరీంనగర్ · గురువారం రాత్రి 9:48

జగిత్యాల అక్కా, క్షమించండి. నేను ఆ ఉద్దేశంతో అనలేదు, కానీ మీకు ఎట్లా వినపడుతుందో ఆలోచించలేదు.

ఒకటి చెప్పాలి. మా అమ్మ మా నానమ్మను పన్నెండేళ్లు మంచంలో చూసుకుంది, ఒక్కసారి కూడా సణగలేదు. ప్రేమంటే అదే అనుకుంటూ పెరిగాను, నా భార్యకు కూడా అదే ఉదాహరణ చెప్తుంటాను. నిన్న ఈ చర్చ చదివి అమ్మకు ఫోన్ చేసి అడిగాను, అప్పుడు నీకు చిరాకు వచ్చేది కాదా అని. "ఎందుకు రాదురా? మీ నాయినకు వినపడొద్దని బోరింగు కాడ సణుక్కునేదాన్ని. బోరింగు కొడుతుంటే చప్పుడుకు ఎవరికీ వినపడదు" అంది. ఎనిమిది గంటలకు ఫోన్ చేస్తే తొమ్మిదింపావు దాకా చెప్తూనే ఉంది. నాకిన్నేళ్లు ఒక్కటీ తెలియదు.

కోర్టు_గుమస్తా · పెద్దపల్లి · శుక్రవారం ఉదయం 11:12

మిగతా ఇద్దరు కొడుకుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, మీ అత్తమ్మ పేరు మీద దరఖాస్తు పెడితే పిల్లలందరినీ పిలుస్తారు. నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. విశ్వాసులు వ్యాజ్యాలకు వెళ్లొద్దని మొదటి కొరింథీ ఆరులో ఉంది, తెలుసు. ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడండి, చట్టం ఉందని చెవిన వేస్తే చాలాసార్లు అంతటితోనే తేలుతుంది, నా కళ్లతో చూశాను. "ఎవడైనను స్వకీయులను సంరక్షింపకపోయినయెడల" అవిశ్వాసికన్న చెడ్డవాడని మొదటి తిమోతి అయిదులో ఉన్నది కూడా ఉప్పల్ దాకా చేరాలి కదా.

ఓపికలేనిదాన్ని · హన్మకొండ · తర్వాతి ఆదివారం సాయంత్రం 5:25

అందరికీ జవాబు రాయలేకపోయాను, చదివాను అన్నీ. జావ చిక్కగా చేశాను. ఉమ్మడం పూర్తిగా పోలేదు, కానీ బాగా తగ్గింది. కుడి బుగ్గలో నిజంగానే మిగులుతోంది నర్సక్కా, పద్నాలుగు నెలలుగా అది నాకెవరూ చెప్పలేదు. ఆమె మీద అన్ని రోజులు కోపం పెంచుకున్నది గొంతు దిగని దానికా అని ఆ రోజు చాలాసేపు వంటింట్లోనే నిలబడ్డాను.

మా ఆయన నా ఫోన్‌లో ఇదంతా చదివేశాడు. రెండు రోజులు మాట్లాడలేదు. ఇంటి సంగతి బయట పెట్టానని ఆయన బాధ. మూడో రోజు పొద్దున నాలుగున్నరకు నాకంటే ముందు లేచి, "ఇయ్యాల అమ్మకు నేను చేస్త" అన్నాడు. బకెట్లో వేడినీళ్లు, తువ్వాలు అన్నీ పెట్టుకున్నాడు. తీరా దుప్పటి తీయబోతే అత్తమ్మ ఎడమ చేత్తో దుప్పటి గట్టిగా పట్టుకుంది. "వద్దు" అంది. ఈసారి అది నిజంగా వద్దే. కళ్ల వెంట నీళ్లు. కన్నకొడుకు తుడవడం ఆమెకు చావుతో సమానం అనిపించిందేమో. ఈయన బకెట్ పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్లి చేశాను.

అందుకని పనులు మార్చుకున్నాం. ఒళ్లు తుడవడం నేనే. రాత్రి రెండు గంటలకోసారి తిప్పడం, బట్టలు ఉతకడం, పిల్లల డబ్బాలు ఆయన. అలారం పెట్టుకుంటాడు, లేస్తాడు, ఒక రాత్రి లేవలేదు, నేనే తిప్పాను. శుక్రవారం యూత్ కూడికకు వేరే అబ్బాయి వాయిస్తున్నాడు. ములుగు మరిది నెలకు రెండు వేలు పంపుతానన్నాడు, ఉప్పల్ వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

పాట సంగతి. శుక్రవారం సాయంత్రం కీబోర్డు ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టి ఆమెకు నోటికొచ్చిన పాత కీర్తన మొదలుపెట్టాడు. పల్లవిలో ఏమీ లేదు. రెండోసారి వాయించేటప్పుడు నోరు కదిలింది. మూడోసారికి ఒక చరణం, మాటలతో సహా, స్పష్టంగా పాడింది. పద్నాలుగు నెలల్లో "ఆఁ", "వద్దు" తప్ప ఆమె నోట ఇంకో మాట మేం వినలేదు. ఆయన వాయించడం ఆపేసి ఏడ్చాడు, పిల్లలు వీడియో తీశారు.

నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. జావ నాకు, పాట ఆయనకా అని. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మేరీ_టీచర్ · ఫాతిమానగర్ · ఆదివారం సాయంత్రం 6:03

రాసి మంచి పని చేశావు. మీ అత్తమ్మ దుప్పటి పట్టుకున్నది చదివితే పేతురు గుర్తొచ్చాడు. యేసు కాళ్లు కడగబోతే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు కదా, పెద్ద గురువారం ఆ సువార్త చదివినప్పుడల్లా ఆయనకు ఎందుకంత పట్టుదల అనుకునేదాన్ని.

రిటైర్డ్_గార్డు · కాజీపేట · ఆదివారం సాయంత్రం 6:40

జావ కూడా ఆయన్నే తాగియ్యమను బిడ్డా. తాగించడానికి దుప్పటి తీసే పని లేదు గదా.

నర్సక్క · వరంగల్ · ఆదివారం రాత్రి 8:15

తాగించేటప్పుడు నిటారుగా, ఎడమ వైపు స్పూను, ముందు ఆయనకు ఒకసారి చేసి చూపించు. ఎయిర్ బెడ్ గురించి అడగాలనుకున్నా, కొన్నారా? మోటారు చప్పుడుకు మొదట్లో నిద్ర పట్టదు, తర్వాత అలవాటవుతుంది.

ఓపికలేనిదాన్ని · హన్మకొండ · ఆదివారం రాత్రి 11:10

ఎయిర్ బెడ్ వచ్చే నెల జీతానికి. జావ సంగతి అడిగాను తాతయ్యా. ఆదివారం పొద్దున ఆయనకు రెండు ఆరాధనలు, ఆ రోజు కుదరదన్నాడు. నేనేమీ అనలేదు. ఇందాక పడుకునే ముందు, వచ్చే ఆదివారం మొదటి ఆరాధనకు సెలవు కావాలని పాస్టర్ గారికి మెసేజ్ పెట్టానన్నాడు. పాస్టర్ గారు చూశారు, ఇంకా జవాబు ఇవ్వలేదట. చూడాలి.